ముందు లెక్కలు బయటికి రానీ, డిస్కు సంగతి తర్వాత

ప్రశ్న: నేను తిరుపతిలో ఉంటాను. మా అమ్మ చిన్నమ్మ కొడుకు, నాకు మామ వరస, బంగారుపాళెంలో మామిడికాయల మండీ నడుపుతారు. అరవై దాటిన మనిషి. ఆయన దగ్గర ఎనిమిదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10, ఒక టీబీ హార్డ్ డిస్కు. టాలీ లెక్కలు, కూతురి పెళ్లి ఫొటోలు అన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి. నెల రోజులుగా ఆన్ చేసినప్పుడల్లా 'స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్ డి' అని వచ్చి, 11 శాతం దగ్గర గంటల తరబడి నిలబడిపోతోంది. రెండుసార్లు నల్ల తెర మీద 'ఎ డిస్క్ రీడ్ ఎర్రర్ ఆకర్డ్' అని కూడా వచ్చిందట. ఆపి మళ్లీ వేస్తే లేచింది. టాలీ ఒక్కోసారి బిగుసుకుపోతోంది. యూపీఎస్ బ్యాటరీ పోయి చాలా కాలమైంది. పక్క షాపు కుర్రాడు ఫార్మాట్ కొడితే సరిపోతుందంటాడు. తెలిసినవాళ్లు ఒకరు చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టించమన్నారు. కాయల సీజను, ఆదివారం దాకా నేను పోలేను. ఫోన్‌లో ఆయన చేత ఏం చేయించాలి? డిస్కు బాగవుతుందా?

సమాధానం: ముందు మీ మామకు ఫోన్ చేసి కంప్యూటర్ ఆపేయమనండి. మీరు మళ్లీ చెప్పేదాకా ఆన్ చేయొద్దనండి. ఊరికే ఆన్ చేసి ఉంచినా విండోస్ డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది: పేజ్ ఫైలు, లాగ్‌లు, అప్‌డేట్లు, ఫైళ్ల సూచిక. డిస్కు నిజంగా అరుగుతున్నదైతే ఆన్‌లో ఉన్న ప్రతి గంటా దాని మిగిలిన ఆయుష్షులోంచి పోతున్నట్టే. సీజన్లో కంప్యూటర్ ఆపితే మండీ పని నడవాలి కదా అంటారాయన. నాలుగు రోజులు నోటు పుస్తకంలో రాసుకోమనండి, తర్వాత ఎక్కించుకోవచ్చు.

ఫార్మాట్ (అంటే డిస్కును చెరిపి ఖాళీ చేయడం), స్లాష్ ఆర్ రెండూ ఇప్పుడు వద్దు. 'డిస్కు బాగవుతుందా' అన్న ప్రశ్నను కూడా కాసేపు పక్కన పెట్టండి. డిస్కు చిత్తూరులో ఏ కంప్యూటర్ షాపుకు పోయినా దొరుకుతుంది. ఏ రైతుకు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఏ లారీ బాడుగ బాకీ ఉంది అన్న లెక్క ఏ షాపులోనూ దొరకదు. కాబట్టి ముందు కాపీ, ఆ తర్వాత పరీక్ష, అన్నిటికన్నా చివర మరమ్మతు. ఈ వరస తప్పితే ఏమవుతుందో చెబుతాను.

మీరు రాసిన లక్షణాల వెనక మూడు కారణాలు ఉండవచ్చు. హార్డ్ డిస్కును పెద్ద లెక్కల పుస్తకం అనుకోండి. ఏ పద్దు ఏ పేజీలో ఉందో చెప్పే సూచిక చెదిరిపోవడం మొదటిది. పేజీలు బాగానే ఉంటాయి, ఎక్కడున్నాయో తెలియదు. దీన్ని ఫైల్ సిస్టమ్ చెడిపోవడం అంటారు. రాస్తుండగా కరెంటు పోతే ఎక్కువగా జరిగేది ఇదే. యూపీఎస్ లేదన్నారు గనక దీనికి అవకాశం బాగా ఉంది. రెండోది పేజీలకే చెదలు పట్టడం, అంటే బ్యాడ్ సెక్టార్లు. మూడోది పుస్తకానికీ చదివేవాడికీ మధ్య ఉన్న తీగ వదులు కావడం. డెస్క్‌టాప్‌లో డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉండే సాటా కేబుల్ అది. బయటికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. వైద్యం మాత్రం వేరు.

చెక్‌డిస్క్ సూచికను సరిచేసే పనిముట్టు. దాని లక్ష్యం ఫైల్ సిస్టమ్ మళ్లీ పొందికగా ఉండేలా చూడటమే, మీ ఫైలును కాపాడటం దాని పని కాదు. దిక్కు తెలియని ముక్కలను ఫౌండ్ 000 అనే ఫోల్డర్‌లో పడేసి సూచికను శుభ్రం చేస్తుంది. ఆ ముక్కల నుంచి టాలీ ఫైలును మళ్లీ కూర్చడం దాదాపు అసాధ్యం. స్లాష్ ఆర్ జోడిస్తే డిస్కులో ఉన్న ప్రతి సెక్టారునూ చదివి చూస్తుంది. ఒక టీబీ డిస్కు ఆరోగ్యంగా ఉన్నా రెండు మూడు గంటల పని అది. చెదలు పట్టిన డిస్కులో చదవలేని ఒక్కో చోటా డిస్కు కొన్ని సెకన్ల పాటు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అలాంటివి వేలు ఉంటే రోజులు పడుతుంది. మీ మామ కంప్యూటర్ 11 శాతం దగ్గర ఆగుతున్నది ఇందుకే కావచ్చు. అంత సేపు తిప్పి తిప్పి చదివించాక, అప్పటిదాకా అందుతున్న ఫైళ్లు కూడా అందకుండా పోవచ్చు.

ఇక ఫోన్‌లో చేయించే పని. తెర మీద వచ్చింది చదివి చెప్పమంటే 'ఏందో ఇంగ్లీషులో వచ్చిందిరా నాయనా' అంటారు. ఆయన్ను తప్పుపట్టలేం. చదవమనకుండా వాట్సాప్‌లో ఫొటో పంపమనండి, తెర మొత్తం వచ్చేట్టు, ఫ్లాష్ లేకుండా. ఒక్కో అక్షరానికీ అర్థం మారుతుంది. 'డిస్క్ రీడ్ ఎర్రర్' అంటే డిస్కు కనపడింది గానీ చదవడం కుదరలేదని. 'నో బూటబుల్ డివైస్' అంటే డిస్కే కనపడలేదనో, కనపడినా విండోస్ లేవడానికి కావలసినది దొరకలేదనో. 'స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్' అంటే డిస్కు తనంతట తానే చేతులెత్తేసిందని. ఈ మూడోది కనిపిస్తే మరే పరీక్షా అక్కర్లేదు, నేరుగా కాపీకి దిగాలి.

ఒకసారికి ఒకే పని చెప్పండి. 'ఎంటర్ అనేదాకా ఎంటర్ కొట్టొద్దు మామా' అని ముందే అనుకోండి. కీ పేరుతో పాటు అది ఉండే చోటు చెప్పండి: స్లాష్ అంటే ప్రశ్న గుర్తు కింద ఉండే గీత, కోలన్ అంటే షిఫ్ట్ అదిమిపట్టి ఎల్ పక్క కీ. 'ఏం నొక్కారు, ఏం చేశారు' అని మాత్రం అడగకండి. పెద్దమనిషి, నొచ్చుకుంటారు. నొచ్చుకున్నాక జరిగింది చెప్పరు. 'ఇది మొదలైన రోజు కరెంటు గాని పోయిందా, బల్ల గాని జరిపారా' అని అడిగితే కావలసిన సంగతి దానంతట అదే వస్తుంది.

మొదటి పని తీగ. ఖర్చు లేనిది, పది నిమిషాల్లో అయ్యేది. వీడియో కాల్ పెట్టించి, పక్కన ఎవరైనా కుర్రవాడిని ఫోన్ పట్టుకోమనండి. కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర స్విచ్ ఆపి, వెనక ఉన్న కరెంటు తీగ పీకాలి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు అదిమితే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనప భాగాన్ని ఒకసారి చేత్తో తాకాలి. ముందు వైపు నుంచి చూస్తే ఎడమ చేతి పక్కనున్న రేకుకు వెనక రెండు స్క్రూలు ఉంటాయి. అవి తీసి రేకు వెనక్కి లాగితే వస్తుంది. లోపల అరచేతి మందాన ఇనప డబ్బాలా ఉండేదే హార్డ్ డిస్కు. దానికి రెండు తీగలు వస్తాయి. వెడల్పుగా ఉన్నది కరెంటుకు, సన్నగా, చాలా వాటిలో ఎర్రగా ఉండేది డేటాకు. డేటా తీగను రెండు కొసలా పీకి, మళ్లీ టక్కుమనేలా కూర్చోబెట్టాలి. కొస ఎల్ ఆకారంలో ఉంటుంది కాబట్టి తిరగేస్తే పట్టదు, బలవంతం చేయొద్దు. కరెంటు తీగనూ అలాగే. మండీలో గడ్డి, దుమ్ము, వాటితో పాటు ఎలుకలు ఉంటాయి. తీగ మీద పంటి గాట్లు ఉన్నాయేమో చూడమనండి. దుమ్మును మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు, తడిగుడ్డ వద్దు.

తీగ బిగించాక వెంటనే ఆన్ చేయొద్దు. కాపీ చేసుకునే చోటు ముందు సిద్ధం కావాలి. టాలీకి 32 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఫొటోలు కూడా కావాలంటే వాటి పరిమాణానికి తగ్గ ఎక్స్‌టర్నల్ డిస్కు కొనాలి. దాన్ని ముందే గుచ్చి, ఇంటర్నెట్ తీగ పీకేసి, అప్పుడు ఆన్ చేయమనండి. నెట్ ఉంటే విండోస్ లేవగానే అప్‌డేట్లకు దిగుతుంది, డిస్కును తినేస్తుంది. దూరం నుంచి తెర చూడటానికి క్విక్ అసిస్ట్ ఉంది గదా అంటారేమో. ఈ మొదటి కాపీకి అది వద్దు, ఫోన్ మీదే నడిపించండి.

ఆన్ చేయగానే స్కానింగ్ మొదలు కాబోయే ముందు, ఏదైనా కీ నొక్కితే దాటేయవచ్చు అని కొన్ని సెకన్ల పాటు చూపిస్తుంది. ఆ క్షణం కోసం చెయ్యి స్పేస్ బార్ మీదే పెట్టుకుని కూర్చోవాలి. అది తప్పిపోయి స్కానింగ్‌లోకి వెళ్లిపోతే, శాతం కదులుతున్నంత సేపూ దాని జోలికి పోవద్దు. గంట సేపు అంకె మారకపోతే పవర్ బటన్ పది సెకన్లు అదిమి ఆపేయించి, విండోస్ దారి వదిలేయండి. వేరే దారి కింద చెబుతాను.

డెస్క్‌టాప్ తెర వచ్చిందా, టాలీ తెరవొద్దు. తెరిచి ఉన్న టాలీ ఫైళ్లను కాపీ చేస్తే అవి సగం సగంగా వస్తాయి. డి డ్రైవ్‌లో టాలీ డేటా ఫోల్డర్ వెతకాలి. లోపల 10000, 10001 ఇలా ఐదంకెల పేర్లతోనో, 100000 లాంటి ఆరంకెల పేర్లతోనో ఫోల్డర్లు కనిపిస్తే అదే. ఒక్కో కంపెనీకి ఒక్కో ఫోల్డర్. అలాంటిది కనిపించకపోతే సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో పబ్లిక్, అందులో టాలీ పేరున్న ఫోల్డర్ చూడమనండి. టాలీ తనంతట తాను ఎంచుకునే చోటు అది. ఈ ఫోల్డర్ చిన్నది, విలువైనది. ముందు ఇదొక్కటే పెన్‌డ్రైవ్‌లోకి పోవాలి. కాపీ అనే చెప్పండి, కట్ అనొద్దు.

మౌస్‌తో కాపీ చేస్తుంటే ఒక ఫైలు దగ్గర ఆగి ఎర్రర్ చూపిస్తే స్కిప్ నొక్కమనండి, ట్రై ఎగైన్ వద్దు. చదవలేని ఫైలు పేరు ఫొటో తీసి ఉంచుకోండి. ఫొటోల ఫోల్డర్ పెద్దది కాబట్టి దానికి రోబోకాపీ అనే ఆదేశం మంచిది. విండోస్‌లోనే ఉంటుంది, వేరే ఏదీ ఎక్కించనక్కర్లేదు. అయితే దీనిలో ఒక చిక్కుంది. ఏమీ చెప్పకుండా వదిలితే అది చదవలేని ఒక్కో ఫైలునూ 30 సెకన్లకొకసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. ఒక్క పాడైన ఫొటో దగ్గరే కూర్చుండిపోతుందన్నమాట. అందుకే ఒక్కసారే ప్రయత్నించి, ఒక్క సెకనే ఆగమని చెప్పాలి.

ముందు సెర్చ్‌లో సి ఎం డి అని కొట్టి నల్ల కిటికీ తెరిపించండి. తర్వాత అక్షరాలు ఇలా చెప్పండి: ఆర్, ఓ, బి, ఓ, సి, ఓ, పి, వై. స్పేస్. డి, కోలన్, వెనక్కి వాలిన గీత, ఫొటోల ఫోల్డర్ పేరు. స్పేస్. ఎక్స్‌టర్నల్ డిస్కు అక్షరం, అది ఈ అనుకుంటే ఈ, కోలన్, వెనక్కి వాలిన గీత, అదే పేరు. స్పేస్. స్లాష్ ఈ. స్పేస్. స్లాష్ ఆర్, కోలన్, 1. స్పేస్. స్లాష్ డబ్ల్యూ, కోలన్, 1. వెనక్కి వాలిన గీత ఎంటర్ కీకి పైనో పక్కనో ఉంటుంది. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే ఆ దారి మొత్తాన్ని జంట కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. ఇదంతా మీరు వాట్సాప్‌లో ఒక వరుసగా కొట్టి పంపండి, ఆయన చూసి కొడతారు. ఎంటర్ ముందు ఒక ఫొటో తెప్పించుకుని సరిచూసుకోండి. ఎటు నుంచి ఎటు పోతోందన్నదే ముఖ్యం. పాత డిస్కు ముందు రావాలి, కొత్తది తర్వాత. కొంచెం తెలిసినవాళ్లు స్లాష్ ఎంఐఆర్ చేర్చమంటారు. అది రెండో చోటును మొదటిదానికి అద్దంలా చేయడానికి అక్కడ అదనంగా ఉన్నవాటిని చెరిపేస్తుంది. మీకు అది పనికిరాదు.

కాపీ అయింది అన్న మాట మీద నమ్మకం పెట్టుకోకండి. పెన్‌డ్రైవ్ తీసి వేరే కంప్యూటర్లో గుచ్చి, టాలీ ఉన్న చోట ఆ ఫోల్డర్‌ను తెరిపించాలి. కంపెనీ తెరుచుకుని, ఈ మధ్య రాసిన ఒక రైతు ఖాతాలో నిల్వ మామకు గుర్తున్న అంకెతో కలిస్తే అప్పుడు ఊపిరి పీల్చుకోండి. డేటా చెడిందని టాలీ అంటే, టాలీలోనే రిపేర్ ఉంది. పాత ఈఆర్‌పీ 9లో దాన్నే రీరైట్ అనేవారు. దాన్ని పాత డిస్కులో ఉన్న అసలు మీద నడపొద్దు, కాపీకి ఇంకో కాపీ తీసి దాని మీదే నడపాలి. చెక్‌డిస్క్ గురించి చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది.

విండోస్ లేవకపోతే లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ దారి ఉంది. తిరుపతిలో మీ కంప్యూటర్లోనే 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు గానీ మింట్ గానీ రూఫస్ అనే ప్రోగ్రాంతో ఎక్కించండి. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. దీనిలో పెద్ద లాభం ఏమిటంటే విండోస్ స్కానింగ్ గొడవే ఉండదు. పాత డిస్కును ఊరికే చదివి కాపీ చేసుకోవచ్చు. అయితే బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు ఉండే సెట్టింగుల తెరలోకి పోవడం, బూట్ వరస మార్చడం అరవై దాటిన మనిషికి ఫోన్‌లో చెప్పి చేయించే పని కాదని నా అభిప్రాయం. అక్కడ ఇన్‌స్టాల్ అనే బొమ్మ పొరపాటున నొక్కారంటే ఉన్నది కూడా పోతుంది. ఈ పని ఆదివారం మీరే వెళ్లి చేయండి.

లేదా డిస్కును విప్పించి తెప్పించుకోండి. బస్సులో వచ్చేవాళ్ల చేతి సంచిలో, మెత్తటి గుడ్డలో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పెట్టి రావాలి. స్కూటర్ డిక్కీలో, లారీ డ్యాష్‌బోర్డు మీద వద్దు. డెస్క్‌టాప్ డిస్కుకు 12 వోల్టుల కరెంటు కావాలి కాబట్టి, ల్యాప్‌టాప్ డిస్కులకు వాడే ఉత్త యూఎస్‌బీ తీగ దీన్ని తిప్పలేదు. సొంత అడాప్టర్ ఉన్న డాక్ (డిస్కును యూఎస్‌బీకి కలిపే పరికరం) అడిగి తీసుకోండి. మీ కంప్యూటర్‌కు తగిలించగానే 'ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని అడగవచ్చు. క్యాన్సిల్ నొక్కండి. ఎన్నిసార్లు అడిగినా క్యాన్సిలే.

ఒక్క సందర్భంలో పైవేవీ చేయకూడదు. డిస్కు నుంచి లెక్కపెట్టినట్టు టక్, టక్, టక్ అని శబ్దం వస్తుంటే లోపల డేటాను చదివే హెడ్ దెబ్బతిని ఉండవచ్చు. వీడియో కాల్‌లో ఫోన్‌ను క్యాబినెట్ దగ్గరకు పెట్టించి వినండి. హెడ్ డేటా ఉండే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. అది ఒరుసుకున్న కొద్దీ డేటా పూతే గీసుకుపోతుంది. ఆ శబ్దం వింటే కరెంటు తీసేసి మళ్లీ పెట్టొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి చూడమని, మెల్లగా తట్టి చూడమని చెప్పేవాళ్ల మాట వినకండి, మూత అసలే విప్పొద్దు. చెన్నైలో, బెంగళూరులో శుభ్రమైన గదుల్లో డిస్కు తెరిచి డేటా తీసేవాళ్లు ఉన్నారు. ఖరీదైన పని. ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా అడగండి.

లెక్కలు చేతికి వచ్చాక నిదానంగా పరీక్ష. ఇప్పుడు నెట్ పెట్టుకోవచ్చు. కంట్రోల్, విండోస్, క్యూ మూడూ కలిపి నొక్కితే క్విక్ అసిస్ట్ తెరుచుకుంటుంది. సహాయం చేసే మీకు మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి, మామకు అక్కర్లేదు. మీరు ఆరక్షరాల కోడ్ చదివితే ఆయన కొట్టాలి. కోడ్ పది నిమిషాలే పనిచేస్తుంది. అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు మీకు తెర కనపడకుండా పోవచ్చు. కంగారు పడకండి, అక్కడ 'ఎస్' నొక్కాల్సింది ఆయనే.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి చూడండి. పైన నీలి రంగులో గుడ్, పసుపులో కాషన్, ఎరుపులో బ్యాడ్ అని చూపిస్తుంది. రంగుతో ఆగకుండా కింది పట్టికలో నాలుగు వరుసలు చదవండి. 05 అంటే డిస్కు పాడైన సెక్టారును వదిలి బదులుగా వేరే సెక్టారును వాడుకున్న లెక్క. సి5 అంటే చదవలేక, ఏం చేయాలో తేలక పెండింగ్‌లో పెట్టినవి. సి6 అంటే సరిచేయలేనని తేల్చినవి. సి7 అంటే తీగలో పోతూ చెడిన సమాచారం. రా వాల్యూస్ అనే గడి హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు మీద నడిచే లెక్కలో ఉంటుంది కాబట్టి చివర 10 అని ఉంటే అది పదహారు. మెనూలో ఫంక్షన్, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్ దగ్గర మామూలు దశాంశ లెక్కకు మార్చుకుంటే గందరగోళం ఉండదు.

05, సి5, సి6 మూడూ సున్నాలై సి7 మాత్రం పెద్ద అంకె చూపిస్తే దోషం తీగదే. సి7 అంకె ఎప్పటికీ తగ్గదు కాబట్టి తీగ మార్చిన రోజు అంకె రాసుకుని వారం తర్వాత చూడాలి. పెరగకపోతే రోగం కుదిరినట్టే. సి5 సున్నా కాకపోతే, ముఖ్యంగా నిన్నటికీ నేటికీ పెరుగుతుంటే, ఆ డిస్కు పని అయిపోయింది. 05లో నాలుగైదు ఉండి ఏళ్ల తరబడి అలాగే ఉన్న డిస్కులు ఉంటాయి. సినిమాలు దాచుకోవడానికైతే సరే, మండీ లెక్కలకు నేనైతే వాడనివ్వను. అన్నీ సున్నాలే, పైన గుడ్ అనే ఉంది, అయినా డిస్కు సతాయిస్తోంది అంటే మీ కళ్లనే నమ్మండి. ఈ అంకెలు ముందే చెప్పకుండా పోయే డిస్కులూ ఉంటాయి.

ఇంకో సాక్షి ఈవెంట్ వ్యూయర్. స్టార్ట్ బొమ్మ మీద కుడి క్లిక్ చేస్తే ఉంటుంది. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరిచి ఎర్రర్లు, వార్నింగులు చూడండి. 'డిస్క్' పేరుతో 7 అనే అంకె ఉంటే బ్యాడ్ బ్లాక్, 153 ఉంటే డిస్కు జవాబివ్వక మళ్లీ అడగాల్సి వచ్చింది, ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుతో 55 ఉంటే సూచిక చెడింది. కెర్నల్ పవర్ పేరుతో 41 ఉంటే కంప్యూటర్ పద్ధతిగా ఆగకుండా ఠపీమని ఆరిపోయింది. ఈ 41లు, 55లు పక్కపక్క తేదీల్లో ఉండి, 7 ఒక్కటీ లేకపోతే దోషం డిస్కుది కాదు, యూపీఎస్ లేకపోవడానిది. అప్పుడు కొత్త డిస్కు వేసినా నెల తిరక్కుండా ఇదే ఉత్తరం మళ్లీ రాయాల్సి వస్తుంది.

డిస్కు అంకెలు శుభ్రంగా ఉన్నాయని తేలితేనే చెక్‌డిస్క్. అదీ స్లాష్ ఎఫ్ మాత్రమే. సి ఎం డి మీద కుడి క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకుని: సి, హెచ్, కె, డి, ఎస్, కె. స్పేస్. డి, కోలన్. స్పేస్. స్లాష్, ఎఫ్. డ్రైవ్ వాడకంలో ఉంది, బలవంతంగా విడదీయనా అంటే తెరిచి ఉన్న ప్రోగ్రాంలు మూసి వై కొట్టవచ్చు. స్లాష్ ఏదీ లేకుండా నడిపితే చూసి చెబుతుందే గానీ ఏదీ మార్చదు. ముందు ఒకసారి అలా నడపడం మంచిది.

డిస్కు మార్చాల్సి వస్తే 512 జీబీ సాటా ఎస్ఎస్‌డీ చాలు. అదే తీగలకు తగులుతుంది, తిరిగే భాగాలేవీ ఉండవు కాబట్టి క్యాబినెట్‌లో డబుల్ టేపుతో అంటించినా పనిచేస్తుంది. పాత డిస్కును అలాగే క్లోన్ చేయకుండా విండోస్ కొత్తగా ఎక్కించి, కాపీ తీసిన డేటాను పెట్టుకోవడం మేలు. పాత డిస్కులోని తెగులు కొత్తదానికి మోసుకుపోనక్కర్లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎనిమిదేళ్ల యంత్రం విండోస్ 11 తీసుకుంటుందో లేదో పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాంతో చూసుకుని, తీసుకోకపోతే డిస్కు మీద పెట్టే డబ్బు కొత్త కంప్యూటర్‌కు కలపడం గురించి మామతో మాట్లాడండి. ఒక సంగతి చాలామంది మరిచిపోతారు. టాలీ లైసెన్సు ఆ కంప్యూటర్‌కు ముడిపడి ఉంటుంది. పాత విండోస్ ఇంకా లేస్తుంటే, డిస్కు మార్చకముందే టాలీలో లైసెన్సు సరెండర్ చేయండి. కొత్తదానిలో మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు. ఆ సీరియల్ నంబరు, దానికి ఇచ్చిన ఈమెయిల్ ఏదో మామను ఇప్పుడే వెతికి పెట్టమనండి.

పక్క షాపు కుర్రాడి చేతనే మార్పించినా తప్పులేదు. కాకపోతే పాత డిస్కు అక్కడ వదిలి రావొద్దనండి. దాన్ని ఒక కవర్లో వేసి తేదీ రాసి మూడు నెలలు బీరువాలో ఉంచుకోవాలి. ఏదో ఒక ఫైలు తేలేదని అప్పుడు గుర్తొస్తుంది.

ఈ లోపు మామ తనంతట తాను 'డిస్కు ఎర్రర్ హెల్ప్‌లైన్' అని ఫోన్‌లో వెతికి, కనిపించిన నంబరుకు కాల్ చేసే ప్రమాదం ఉంది. అలాంటి నంబర్లలో చాలా వరకు మోసగాళ్లవే. మీరు తప్ప ఎవరు కోడ్ చెప్పినా, ఏ యాప్ వేసుకోమన్నా వద్దని ఇవాళే చెప్పండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఆదివారం బయల్దేరేటప్పుడు సంచిలో ఇవి వేసుకోండి: కొత్త సాటా డేటా తీగ ఒకటి, స్టార్ స్క్రూడ్రైవర్, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్, కాపీకి ఎక్స్‌టర్నల్ డిస్కు. యూపీఎస్ వెనక స్టిక్కర్ ఫొటో ముందే తెప్పించుకుని, దానికి సరిపోయే బ్యాటరీ తిరుపతిలోనే కొనండి. చిన్న యూపీఎస్‌లలో ఎక్కువగా 12 వోల్టులు, 7 ఏహెచ్ ఉంటుంది. ఎస్ఎస్‌డీని మాత్రం ముందే కొనకండి. సి5 అంకె చూశాక చిత్తూరుకు పోయి తెచ్చుకోవచ్చు.